పురుగుమందును ప్రశ్నించిన విదుషీమణి రేచెల్ కార్సన్

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి రచన)

మా పల్నాడు పల్లెల్లో ఎండ్రిన్ అన్న మాట తెలియని మనిషి ఉండడు. అప్పుల బాధ పడలేకనో, ఇంట్లో మాటా మాటా పెరిగో ఎవరైనా ప్రాణం తీసుకుంటే, వాళ్ళు తాగింది ఏ మందైనా సరే, ఎండ్రిన్ తాగాడనే అంటారు. నిజానికి ఆ మందును మన ప్రభుత్వం నిషేధించి మూడు దశాబ్దాలు దాటింది. నేను పుట్టేనాటికే అది కొట్లలో లేదు. మందు పోయింది, మాట మిగిలింది. అటువంటి మా ఊరి మాట కళాశాల గ్రంథాలయంలో, అట్ట ఊడిపోయిన ఒక ఆంగ్ల గ్రంథంలో కనబడేసరికి నాకు ఆశ్చర్యం వేసింది. ఆ గ్రంథం పేరు సైలెంట్ స్ప్రింగ్, అంటే నిశ్శబ్ద వసంతం. రచయిత్రి రేచెల్ కార్సన్. మా తాత ఇంకా పురుగుమందు మొహం చూడని రోజుల్లో, ఎక్కడో అమెరికాలో కూర్చుని ఒక స్త్రీ ఎండ్రిన్ గురించి పుటలకు పుటలు వ్రాసింది. సెలవులకు ఇంటికి పట్టుకెళ్ళి నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ పుస్తకం చదివాను. తరువాత ఆమె జీవితం గురించి దొరికినదల్లా చదివాను.

మన వార్షిక సంచికలో సైన్సు విద్యార్థులు న్యూటన్ గురించో, మేడమ్ క్యూరీ గురించో, సర్ సి.వి. రామన్ గురించో వ్రాయటం రివాజు. వాళ్ళు మహానుభావులే, కాదనను. కాని వాళ్ళంతా ఏదో ఒకటి కనిపెట్టినవాళ్ళు. కార్సన్ ఏమీ కనిపెట్టలేదు. ఆమె పేరు మీద ఒక సిద్ధాంతం గాని, ఒక సూత్రం గాని లేదు. ఇతరులు పరిశోధించి ఎక్కడెక్కడో ప్రకటించిన సంగతులను పోగుచేసి, చదువుకున్న గృహిణికి కూడా అర్థమయ్యే భాషలో చెప్పి, దీనికి జవాబుదారీ ఎవరని అడిగింది. అంతమాత్రానికే ఒక పెద్ద పరిశ్రమ మొత్తం ఆమె మీద విరుచుకుపడింది. పత్తి, మిరప పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక ఈ సంగతి మాట్లాడటానికి నాకూ కొంత హక్కు ఉందనే అనుకుంటున్నాను.

రేచెల్ కార్సన్ 1907 మే 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలో, అలెఘెనీ నది ఒడ్డున ఉన్న స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. వాళ్ళకు దాదాపు 65 ఎకరాల భూమి ఉండేది. తండ్రి రాబర్ట్ కార్సన్ ఆ భూమిని సేద్యానికని కొనలేదట. ముక్కలు చేసి ఇళ్ళ స్థలాలుగా అమ్ముకుందామని కొన్నాడు. అవి అమ్ముడుపోలేదు. (ఈ మాట చదివినప్పుడు మా మండలంలో జాతీయ రహదారి పక్కన పాతిన సిమెంటు రాళ్ళు గుర్తొచ్చి నవ్వొచ్చింది.) ఆయన భీమా పాలసీలు అమ్మి సంసారం ఈదేవాడు. కొద్దిపాటి పండ్లతోట, కోళ్ళు, రెండు మూడు పశువులు, ఇదీ వాళ్ళ వ్యవసాయం. తల్లి మరియా పెళ్ళికి ముందు బడిపంతులమ్మ. ముగ్గురు బిడ్డల్లో చివరిదైన రేచెల్‌ను వెంటబెట్టుకుని తోటలోకి, వాగు గట్టుకు పోయి ఏ పిట్ట ఏ గూడు కడుతుందో, ఏ పురుగు ఏ ఆకు తింటుందో చూపించేది. మా పిల్లలకు పురుగును చూడగానే నలిపెయ్యమని నేర్పుతారు. అక్కడ తల్లి పట్టుకున్న పురుగును తిరిగి వదిలిపెట్టమని నేర్పింది.

పదకొండవ ఏట ఆమె వ్రాసిన కథ సెయింట్ నికొలస్ అనే పిల్లల పత్రికలో అచ్చయింది. అప్పటి నుంచి రచయిత్రిని కావాలన్నదే ఆమె కోరిక. 1925లో పిట్స్‌బర్గ్‌లోని పెన్సిల్వేనియా మహిళా కళాశాలలో ఆంగ్ల సాహిత్యం చదవటానికి చేరింది. ఫీజు కట్టటానికి తల్లి ఇంట్లోని పింగాణీ సామాను అమ్మింది, పిల్లలకు పియానో పాఠాలు చెప్పింది. మన హాస్టలులో ఫీజు కోసం అమ్మ గాజులు కుదువపెట్టి వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకీ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ కళాశాలలో మేరీ స్కాట్ స్కింకర్ అనే జీవశాస్త్ర ఉపన్యాసకురాలి పాఠాలు విని, మధ్యలో సాహిత్యం వదిలి జీవశాస్త్రం పట్టింది. ఆడపిల్లకు సైన్సులో ఉద్యోగం ఎవరిస్తారని తెలిసినవాళ్ళంతా వద్దన్నారు. ఆమె వినలేదు. 1929లో ఉన్నత శ్రేణిలో పట్టం పుచ్చుకుంది. ఆ వేసవిలోనే మసాచుసెట్స్‌లోని వుడ్స్‌హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలకు వెళ్ళి, మొట్టమొదటిసారి సముద్రం చూసింది. అప్పటికామెకు ఇరవై రెండేళ్ళు. సముద్రం మీద లోకప్రసిద్ధమైన పుస్తకాలు వ్రాసిన మనిషి, ఇరవై రెండేళ్ళ దాకా సముద్రాన్ని పుస్తకాల్లోనే చూసిందన్నమాట.

జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో 1932లో జంతుశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసింది. అక్కడ ఆమె పరిశోధన క్యాట్‌ఫిష్ జాతి చేప పిండంలో మూత్రపిండం ఎలా ఏర్పడుతుందనే దాని మీద. డాక్టరేటు చేయాలని ఉన్నా, అది ఆర్థిక మాంద్యం రోజులు, కుటుంబమంతా ఆమె మీదికే వచ్చి పడింది. చదువు ఆపేసింది. 1935లో తండ్రి చనిపోయాడు. 1937లో అక్క చనిపోయి ఇద్దరు ఆడపిల్లలు దిక్కులేనివాళ్ళయితే, తల్లీ తనూ కలిసి వాళ్ళను పెంచారు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ప్రశ్నించినవాళ్ళు, ఆమె ఎంతమందిని సాకిందో లెక్క వేసినట్టు లేదు.

ప్రభుత్వ మత్స్యశాఖలో చేపల మీద రేడియో కార్యక్రమాలకు స్క్రిప్టులు వ్రాసే చిన్న పని మొదట దొరికింది. సైన్సు తెలిసినవాళ్ళకు వ్రాయటం రాదు, వ్రాయటం వచ్చినవాళ్ళకు సైన్సు తెలియదు. ఆమెకు రెండూ వచ్చు. 1936లో పోటీ పరీక్ష వ్రాసి మొదటి స్థానంలో నిలిచి అదే శాఖలో జీవశాస్త్రజ్ఞురాలిగా ఉద్యోగం సంపాదించింది. పదహారేళ్ళు చేసింది. పగలు ప్రభుత్వ నివేదికలు, కరపత్రాలు దిద్దటం, రాత్రుళ్ళు తన రచన. మొదటి పుస్తకం అండర్ ది సీ విండ్ 1941 నవంబరులో వచ్చింది. నెల తిరిగేసరికి పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడి అమెరికా యుద్ధంలోకి దిగింది. పుస్తకం ఎవరికీ పట్టలేదు. పదేళ్ళు ఆగి 1951లో ది సీ అరౌండ్ అస్ ప్రకటిస్తే, అది 86 వారాలు న్యూయార్క్ టైమ్స్ జాబితాలో నిలబడి, 1952లో జాతీయ గ్రంథ పురస్కారం తెచ్చింది. ఆ డబ్బుతో ఉద్యోగం మానేసి, మెయిన్ రాష్ట్రం తీరాన సౌత్‌పోర్ట్ దీవిలో చిన్న ఇల్లు కట్టుకుంది. 1955లో ది ఎడ్జ్ ఆఫ్ ది సీ వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే మంచి రచయిత్రిగా సుఖంగా బతికి ఉండేది.

ఇప్పుడు డి.డి.టి. సంగతి కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే ఆవిడ ఎదుర్కొన్నదేమిటో అర్థం కాదు. ఆ రసాయనాన్ని 1874లోనే తయారుచేశారు గాని, అది పురుగుల్ని చంపుతుందని 1939లో స్విట్జర్లాండుకు చెందిన పాల్ ముల్లర్ కనుగొన్నాడు. యుద్ధకాలంలో ఇటలీలోని నేపుల్స్ నగరంలో టైఫస్ జ్వరం చెలరేగితే, లక్షలాది జనం మీద ఈ పొడి చల్లి పేలను చంపి జ్వరాన్ని ఆపారు. 1948లో ముల్లర్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇది అబద్ధపు కీర్తి కాదు. మన దేశంలో 1947 ప్రాంతంలో ఏడాదికి ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో పట్టుకున్నది మన సికింద్రాబాదులోనే. కాని పట్టుకున్నాక చంపటానికి చవకైన ఆయుధం డి.డి.టి. వచ్చాకే దొరికింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1965 నాటికి కేసులు దేశం మొత్తం మీద లక్షకు దిగాయి.

మా నాయనమ్మకు ఆ రోజులు బాగా గుర్తు. మలేరియా వాళ్ళు పంపులు భుజాన వేసుకుని వచ్చి, సామాను బయట పెట్టించి, గోడలకు తెల్లగా మందు కొట్టి, తలుపు మీద తారీఖు వ్రాసిపోయేవారట. మొదటి రెండేళ్ళు దోమలతో పాటు మంచాల్లో నల్లులు కూడా పోయాయని ఊరంతా సంబరపడ్డారట. ఆ తరువాత నల్లులు చావటం మానేశాయట. నాయనమ్మ ఇది తమాషాగా చెప్పేది. సైలెంట్ స్ప్రింగ్‌లో ఒక అధ్యాయం మొత్తం దీని గురించేనని ఆమెకు తెలియదు. మందుకు చావని కొద్దిపాటి పురుగులు మిగిలి పిల్లల్ని పెడతాయి, ఆ పిల్లలకూ మందు పనిచేయదు. డార్విన్ సిద్ధాంతం మేము పరీక్ష కోసం బట్టీ పడుతున్నాం గాని, మా ఇంటి నులకమంచంలో అది ఎప్పుడో ఋజువైంది.

అమెరికాలో యుద్ధం అయిపోగానే మిగిలిన మందునూ, మిగిలిన విమానాలనూ పొలాల మీదికి మళ్ళించారు. కార్సన్ 1945లోనే డి.డి.టి. ప్రమాదాల మీద ఒక వ్యాసం వ్రాస్తానని రీడర్స్ డైజెస్ట్‌ను అడిగింది. వాళ్ళు అక్కరలేదన్నారు. పన్నెండేళ్ళు గడిచాయి. 1957లో జిప్సీ మాత్ అనే చిమ్మెటను నిర్మూలించటానికని ఊళ్ళకు ఊళ్ళ మీద, ఇళ్ళ మీద, పాడి పశువుల మీద ప్రభుత్వ విమానాలు మందు చల్లాయి. మా తోట మీద మాకు చెప్పకుండా మందు చల్లే అధికారం మీకెవరిచ్చారని లాంగ్ ఐలండ్ పౌరులు కోర్టుకు వెళ్ళారు, ఓడిపోయారు. 1958 జనవరిలో డక్స్‌బరీ ఊరి నుంచి ఓల్గా ఓవెన్స్ హకిన్స్ అనే స్నేహితురాలు, దోమల కోసం చల్లిన మందుకు తన పెరట్లో పిట్టలు ఎలా చచ్చిపడ్డాయో పత్రికకు వ్రాసిన ఉత్తరం కార్సన్‌కు చేరింది. ఎవరైనా దీని మీద వ్రాస్తే బాగుండునని ఆమె నలుగురినీ అడిగిచూసింది. ఎవరూ ముందుకు రాలేదు. తానే పూనుకుంది.

నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళలో ఆ ఇంట్లో జరిగినవి చూస్తే, అసలు పుస్తకం ఎలా పూర్తయిందా అనిపిస్తుంది. 1957లో మేనకోడలు చనిపోతే, ఆమె ఐదేళ్ళ కొడుకు రోజర్‌ను కార్సన్ దత్తత తీసుకుంది. అప్పటికామెకు యాభై ఏళ్ళు. 1958 డిసెంబరులో తల్లి మరియా కన్నుమూసింది. 1960లో తనకు రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగింది. ఆ కాలంలో జబ్బు పేరు రోగికి చెప్పకుండా దాచే అలవాటు వైద్యులకుండేది. ఆమెకు కూడా నిజం చెప్పలేదు. నెలల తరువాత మరో వైద్యుణ్ణి అడిగి తెలుసుకునేసరికి అది పాకిపోయింది. రేడియేషన్ చికిత్స, కీళ్ళవాపు, కళ్ళ జబ్బు, వీటి మధ్య వ్రాస్తూనే ఉంది. జబ్బు సంగతి మాత్రం పైకి పొక్కనివ్వలేదు. తెలిస్తే, క్యాన్సరు వచ్చింది గనకే మందుల మీద కక్షతో వ్రాసిందని కొట్టిపారేస్తారని ఆమె భయం. ఆ భయం అసమంజసం కాదని తరువాత తేలింది.

పుస్తకంలో నన్ను బాగా పట్టుకున్నది కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అనే సరస్సు కథ. చేపలు పట్టుకోవటానికి వచ్చేవాళ్ళను ఒకరకం సన్న దోమలు విసిగిస్తున్నాయని, డి.డి.టి.కి దగ్గర చుట్టమైన డి.డి.డి. అనే మందును 1949లో సరస్సులో కలిపారు. లెక్క చాలా జాగ్రత్తగా కట్టారు. ఏడు కోట్ల భాగాల నీటికి ఒక భాగం మందు. దోమలు మళ్ళీ వస్తే 1954లో ఐదు కోట్లకు ఒక భాగం కలిపారు. 1957లో మళ్ళీ కలిపారు. సరస్సు మీద గ్రీబ్ అనే నీటిపక్షులు చచ్చిపోసాగాయి. వాటి కొవ్వును పరీక్షిస్తే పది లక్షల భాగాలకు 1,600 భాగాల మందు తేలింది. నీళ్ళలో కనబడీ కనబడని మందు నాచులోకి, సూక్ష్మ జీవుల్లోకి ఎక్కింది. అక్కడ పది లక్షలకు ఐదు. వాటిని తిన్న చిన్న చేపలో ఇంకా ఎక్కువ, దాన్ని తిన్న పెద్ద చేపలో మరీ ఎక్కువ, చేపను తిన్న పక్షిలో చెప్పనలవి కాదు. వెయ్యి జతల పక్షులు 1960 నాటికి 30 జతలయ్యాయి. ఈ మందు నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అంతే కిటుకు. ప్రథమ సంవత్సరం రసాయనశాస్త్రంలో చెప్పిన పాఠమే. లెక్క కట్టినవాళ్ళు నీటికి కట్టారు, కొవ్వుకు కట్టలేదు.

మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆవరణలో జరిగిందీ అటువంటిదే. ఎల్మ్ చెట్లకు తెగులు తెచ్చే పెంకుపురుగు కోసం 1954 నుంచి డి.డి.టి. కొట్టారు. ఆకులు రాలాయి, వానపాములు ఆ ఆకులు తిన్నాయి, మరుసటి వసంతంలో రాబిన్ పిట్టలు ఆ వానపాముల్ని తిని చచ్చాయి. పదకొండు పెద్ద వానపాములు చాలట ఒక పిట్ట ప్రాణానికి. పదకొండు వానపాములు ఆ పిట్టకు పావుగంట తిండి కూడా కాదు.

1962 జూన్ 16 నుంచి న్యూయార్కర్ పత్రికలో మూడు భాగాలుగా, సెప్టెంబరు 27న పుస్తకంగా సైలెంట్ స్ప్రింగ్ వెలువడింది. ఆ మధ్యలోనే ఒక మందుల కంపెనీ, పుస్తకం అచ్చువేస్తే దావా వేస్తామని ప్రచురణకర్తలను బెదిరించింది. వాళ్ళు తగ్గలేదు. పుస్తకం చివర 55 పుటల నిండా ఆధారాలే ఇచ్చిపెట్టింది కార్సన్. ఒక్కో వాక్యానికీ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని. దాన్ని తప్పుపట్టటం కుదరక మనిషిని తప్పుపట్టారు. డాక్టరేటు లేదన్నారు. ఆవేశపరురాలన్నారు. పెళ్ళీ పిల్లలూ లేనిదానికి రాబోయే తరాల చింత ఎందుకన్నారు. కమ్యూనిస్టు అని కూడా అన్నారు. ఆమె మాట వింటే లోకం పురుగుల పాలై కరువు వస్తుందని ఒక పెద్ద రసాయన కంపెనీ ఎగతాళి కథ వ్రాయించి పత్రికలకు పంచింది.

ఇక్కడొక సంగతి గట్టిగా చెప్పాలి. ఎందుకంటే మన హాస్టలులో ఈ వాదన వచ్చిన ప్రతిసారీ ఆవిడను రెండు వైపుల వాళ్ళూ తప్పుగా వాడుకుంటారు. కార్సన్ పురుగుమందులన్నీ నిషేధించమనలేదు. రోగాలు మోసే పురుగులను అదుపు చేయవద్దనీ అనలేదు. తెలిసీ తెలియని మందును తెలియని మోతాదులో, తెలియని జనం మీద చల్లవద్దన్నది. తన మీద ఏది చల్లుతున్నారో తెలుసుకునే హక్కు పౌరునికి ఉందన్నది. విచ్చలవిడిగా పొలాలకు కొడితే దోమలు కూడా మందుకు అలవాటుపడి, అవసరానికి ఆ మందు పనికిరాకుండా పోతుందన్నది. మన దగ్గర అదే జరిగింది. 1965లో లక్షకు దిగిన మలేరియా 1976 నాటికి 64 లక్షలకు పెరిగింది. దానికి నిర్లక్ష్యం, నిధుల కొరత వంటి కారణాలు చాలా ఉన్నాయి, దోమలు మందుకు లొంగకపోవటం అందులో ఒకటి. ఆమె వల్లే ఆఫ్రికాలో మలేరియా చావులు పెరిగాయని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2004లో అమలుకు వచ్చిన స్టాక్‌హోమ్ ఒప్పందం కూడా రోగాల నివారణకు డి.డి.టి. వాడకాన్ని అనుమతించింది. ఇళ్ళ గోడలకు కొట్టటాన్ని ఆమె పుస్తకం ఏ రోజూ ఆపలేదు.

అధ్యక్షుడు కెనడీని 1962 ఆగస్టులోనే విలేఖరులు ఈ విషయం అడిగారు. ఆయన శాస్త్ర సలహా సంఘాన్ని పరిశీలించమన్నాడు. 1963 ఏప్రిల్ 3న సి.బి.యస్. టెలివిజన్ ఆమె మీద కార్యక్రమం ప్రసారం చేస్తే, ప్రకటనలిచ్చే కంపెనీలు కొన్ని ముందే వెనక్కి తగ్గాయి. తెర మీద ఆమె నెమ్మదిగా, గొంతు పెంచకుండా మాట్లాడింది. ఎదుటి శాస్త్రజ్ఞుడు తెల్లకోటు వేసుకుని ప్రళయం వస్తుందన్నట్టు మాట్లాడాడు. చూసినవాళ్ళకు ఎవరు ఆవేశపరులో తెలిసిపోయింది. ఆమె తలకు ఉన్నది విగ్గు అనీ, నిలబడటానికే కష్టపడుతున్నదనీ మాత్రం తెలియలేదు. మే 15న సలహా సంఘం నివేదిక వచ్చింది. మందుల అవసరాన్ని ఒప్పుకుంటూనే, చాలా విషయాల్లో ఆమె మాట నిజమని తేల్చింది. జూన్ 4న సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పింది.

అప్పటి అమెరికా చట్టంలో ఒక విచిత్రముండేది. ఒక మందు సురక్షితం కాదని వ్యవసాయశాఖ అనుమతి నిరాకరించినా, కంపెనీ అభ్యంతరం తెలిపి అమ్ముకోవచ్చు. కొనేవాడికి ఆ సంగతి తెలియదు. 1964లో ఆ లొసుగు పూడ్చారు. పంట పెంచమని మందు వాడించే శాఖే, ఆ మందు మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పే శాఖ కావటం ఇంకో చిక్కు. 1970లో పర్యావరణ పరిరక్షణ సంస్థను విడిగా నెలకొల్పి ఆ అధికారం దానికిచ్చారు. 1972లో ఆ సంస్థే పంటలకు డి.డి.టి. వాడకాన్ని రద్దు చేసింది. ఇవేవీ కార్సన్ చూడలేదు. 1964 ఏప్రిల్ 14న, మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో తన ఇంట్లో, 56 ఏళ్ళకే పోయింది. చితాభస్మంలో సగం తల్లి సమాధి పక్కన పెట్టారు. మిగతా సగం సౌత్‌పోర్ట్ దీవిలో, ఆమె పీతలనూ నత్తలనూ వెతుక్కున్న రాళ్ళ దగ్గర సముద్రంలో కలిపారు.

మన దేశంలో 1958లో కేరళకు ఓడలో వచ్చిన గోధుమపిండి పెరాథియాన్ అనే పురుగుమందుతో కలుషితమై వందమందికి పైగా చనిపోయారు. పదేళ్ళకు, 1968లో పార్లమెంటు పురుగుమందుల చట్టం చేసింది. ఆ చట్టం కింద 1971లో వచ్చిన నియమాల వల్లే ఈనాడు ప్రతి డబ్బా మీదా రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కాని మన దగ్గర అనుమతి వ్యవహారం ఇప్పటికీ వ్యవసాయ మంత్రిత్వశాఖ చేతిలోనే ఉంది. అమెరికా 1970లో విడదీసిన ముడిని మనం విప్పలేదు. నా మటుకు నాకు ఇది చిన్న విషయం అనిపించదు.

1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు అతిగా కొట్టటం వల్ల తెల్లదోమను తినే మిత్రపురుగులు చచ్చి, అది చావకుండా పెరిగిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. 1987–88లో మా ప్రాంతంలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా తాత ఆ ఏడు నాలుగెకరాలలో ఒకటి అమ్మి బయటపడ్డాడు. తరువాత 1997–98లో వరంగల్ వైపు అదే కథ. 2002లో బి.టి. పత్తి వచ్చి కొన్నాళ్ళు కాయతొలుచు పురుగు పీడ తగ్గించింది. ఇప్పుడు గులాబీరంగు పురుగు దానికీ అలవాటు పడింది. నాయనమ్మ మంచంలోని నల్లి లెక్కే.

నాన్నతో నేను దీని గురించి చాలాసార్లు పోట్లాడాను. చదువుకున్నవాడివి కదా, మందు లేకుండా మిరప పండించి చూపించు, నీ పేరు చెప్పుకుని మానేస్తానంటాడు. నా దగ్గర జవాబు లేదు. మందు అప్పుగా ఇచ్చేదీ, ఏ తెగులుకు ఏ మందో చెప్పేదీ, పంట కొనేదీ ఒకే కొట్టు. ఆ కొట్లో డబ్బా వద్దంటే మరుసటి విత్తనాలకు అప్పు పుట్టదు. సర్కారు నిషేధించిందని ఒక మందు పోతే, దాని బదులు రెట్టింపు ధరకు ఇంకొకటి వస్తుంది. అందుకని నాన్నకు నిషేధమంటేనే కోపం. అటు పక్క, రెండేళ్ళ క్రితం ఎదురుగాలిలో మందు కొడుతూ కళ్ళు తిరిగి చేలోనే పడిపోతే, బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేనే. ఆ సాయంత్రం ఆయన చొక్కా వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో నాన్నకు కార్సన్ కథ చెప్పాను. 65 ఎకరాలు పెట్టుకుని ఉద్యోగానికెందుకు పోయిందని మొదటి ప్రశ్న. పంట లేదని చెబితే, మరదే, అన్నాడు. అయినా సరస్సు కథ శ్రద్ధగా విన్నాడు. మా చేపల చెరువులోకి కూడా చేల నీళ్ళు దిగుతాయి గదా అని తనే అన్నాడు. తరువాత కొట్టంలోకి పోయి కొత్త డబ్బా తెచ్చి, దాంట్లో ఏం వ్రాసిందో చదవమన్నాడు. మూతకు రబ్బరు బ్యాండుతో కట్టిన చీటీ అది. అరడజను భాషల్లో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఫోనుతో ఫొటో తీసి, పెద్దది చేసి, తెలుగు ముక్క వెతికి చదివాను. చేతులకు తొడుగులు, ముఖానికి గుడ్డ, గాలి వాలుకు కొట్టటం, కొట్టిన తరువాత ఎన్ని రోజులు కాయ కోయకూడదో, విరుగుడు అట్రోపిన్ అనీ అన్నీ ఉన్నాయి. పాతికేళ్ళుగా ఈ డబ్బాలు కొంటున్నా, ఇది చీటీ అనే తెలియదనీ, సీలు కాగితమనుకుని పారేసేవాణ్ణనీ నాన్న అన్నాడు. మళ్ళీ ఒకసారి చదివించుకున్నాడు, ముఖ్యంగా కాయ కోసే రోజుల లెక్క. అక్షరాలు అంత సన్నగా ఎందుకు వేశారని అడిగాడు. నేను ఏదో చెప్పబోయి ఆగిపోయాను. ఆయన ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి పంచాంగంలో దాచుకున్నాడు.